మాడ్‌ఫ్లో ఏకపంక్తికి టీకా తాత్పర్యం

మూలం: ఇంటర్నల్ 1.0 (ఫ్రీ) -1

అవతారిక. భూగర్భజలం ఎటు పారునో లెక్కగట్టు మాడ్‌ఫ్లో అనే గ్రంథాన్ని మెక్‌డొనాల్డ్, హార్బా అనువారు ఫోర్‌ట్రాన్‌లో కూర్చగా, 1988లో అమెరికా జియలాజికల్ సర్వే ప్రచురించింది. అది నేలను గళ్లుగా విభజించి గడికొక సంఖ్య ఇమ్మంటుంది: నీటిమట్టమో, పొర అడుగు ఎత్తో, మట్టి నీటిని జారనిచ్చే సులువో. ఆ సంఖ్యల పట్టికకు మంగళాచరణం ఈ పంక్తి.

ప్రతిపదార్థం. ఇంటర్నల్ = వేరొక ఫైలునందు గాక ఈ పంక్తి దిగువనే కలదియు; 1.0 = ఒకటిచే గుణింపబడునదియు; ఫ్రీ = స్థాననియమము లేక, నడుమ ఖాళీ మాత్రమే కోరునదియు; -1 = నడిచిన వైనం నమోదగు లిస్టింగు ఫైలునందు అచ్చు కానిదియు నగు; పట్టిక (అధ్యాహార్యము) = చదువబడుగాక.

తాత్పర్యం. కింద అంకెలున్నాయి, చదువుకో, ఎవరికీ చెప్పకు.

విశేషాలు. గుణకం చోట 0 వేస్తే ఏమగును? అన్నీ సున్నలగునని పూర్వపక్షం. అది బడిలెక్కల మతం. తరువాతి కూర్పైన మాడ్‌ఫ్లో-2005లో ఇక్కడ సున్నకు అర్థం ‘గుణించకు’ అని, సంఖ్యలు చెక్కుచెదరవు. అయితే ‘ఇంటర్నల్’కు బదులు ‘కాన్‌స్టంట్ 0’ అన్నచోట మాత్రం గళ్లన్నీ సున్నలే. ఒకే సున్న ఒకచోట అభయహస్తం, మరొకచోట ప్రళయం. మూలకర్తల చమత్కారమిది అందామంటే వారికా ఉద్దేశం ఉన్నట్టు తోచదు.

‘ఫ్రీ’కి ‘10ఎఫ్8.2’ అని ప్రాచీన పాఠాంతరం. పంక్తికి పది సంఖ్యలు, ఒక్కోదానికి ఎనిమిది స్థానాలు. ఇందులో చుక్క పెట్టడం మరచి 1250 అని రాస్తే, చివరి రెండంకెలు దశాంశాలని ఎంచి 12.50గా చదువుకుంటుంది. కొండమీది నీటిమట్టం కడలి ఒడ్డుకు దిగివస్తుంది, చదివినవాడు కిక్కురుమనడు. అదే కొలతతో రాయమంటే, ఎనిమిది స్థానాల్లో పట్టని సంఖ్యకు బదులు ఎనిమిది నక్షత్రాలు పెడుతుంది. అది అలంకారం కాదు.

‘ఫ్రీ అన్నారు గనుక ఎలా రాసినా చెల్లు’నని నవీనులు. చెల్లదు. ప్రతి అడ్డువరుసా కొత్త పంక్తిలో మొదలు కావాలి. ఒక వరుసలో ఒక్క సంఖ్య తగ్గితే తరువాతి పంక్తి మొదటి సంఖ్యను లాక్కుని, ఆ పంక్తిలో మిగిలినదంతా పారవేస్తుంది. ఇలా వరుసలు జరిగి జరిగి, చిట్టచివర మరుసటి పట్టిక తలమీది ‘ఇంటర్నల్’ అనే మాటను సంఖ్య అనుకుని చదవబోయి అక్కడ కూలుతుంది. తప్పు పైన, కేక కింద. సంఖ్య ఎక్కువైతే ఆ కేకా ఉండదు, అదనపుది గుటుక్కున మాయం.

ఇప్పుడీ పట్టికలను చేత్తో ఎవరు రాస్తారు, ఫ్లోపై అనే పైథాన్ లేఖకుడున్నాడు కదా అంటారు. ఉన్నాడు. స్థానాలు తప్పడు, సంఖ్యలు మరవడు. కాని మొదటి వరుస ఉత్తరపు అంచన్నది మాడ్‌ఫ్లో వాడుక. దక్షిణం నుంచి పేర్చిన పట్టిక చేతికిస్తే, పొల్లుపోకుండా తలకిందులుగానే రాసిపెడతాడు. మోడల్ చక్కగా నడుస్తుంది. జవాబు కూడా వస్తుంది.

కాబట్టి ఈ పంక్తిలో దోషభూయిష్ఠమైన పదం -1 అని మా మతం. యంత్రం నిజంగా ఏం చదివిందో చూపే సాక్షి నోరు మూయించేది అదే. మోడల్ తొలిసారి నడిపేటప్పుడు అక్కడ 0 అని దిద్దుకొని చదువుకోవాలి. లిస్టింగు ఫైలు లావెక్కుతుంది. ఎక్కనీ.