కలికతా అరుగు పద్యమునకు టీకా తాత్పర్యములు

ఆ. అరుగు మీఁదఁ జేరి యందఱు గూర్చుండి
చాయ భాండమందు చల్లబడగ
పనియె లేని వాని పనులకు నంతంబు
కలదె చెప్పుమయ్య కలికతాన!

ప్రతిపదార్థము: అరుగు మీఁదన్ = ఉత్తర కలకత్తా పాత ఇండ్ల ముంగిట 'రొక్' అనెడి అరుగుపైన (కట్టించినది ఇంటివాడు, కూర్చుండునది వీధివాడు); చేరి = పిలువకయే వచ్చి; అందఱున్ = రిటైరైన గుమాస్తా, ఉద్యోగము రాని పట్టభద్రుడు, ఆఫీసుకు ఆలస్యమైనవాడు మొదలగువారు; కూర్చుండి = ఇక లేచెదనని పలుమార్లు చెప్పి మరల కూర్చుండి; చాయ = తేనీరు (నీడ యని చెప్పువారు ఒత్తు మఱచినవారు); భాండమందున్ = త్రాగి పాఱవేయు మట్టి 'భాఁడు'లో; చల్లబడగన్ = వాదము వేడెక్కి ఎవరును త్రాగకపోగా; పనియె లేని వాని పనులకున్ = మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్ల తగవు, ప్రభుత్వపు తప్పులు, ఇలిష చేప (మన పులస) ధర అను కార్యములకు; అంతంబు = ముగింపు; కలికతాన = కలకత్తాలో; కలదె = కలదా, లేదనుట; చెప్పుమయ్య = చెప్పుము (తొందర లేదు).

తాత్పర్యము: కలకత్తాలో అడ్డాలో (కబుర్ల కూటమిలో) కూర్చున్నవానికి ఊరక యుండుటయే తీరని పని.

విశేషములు:

ఆక్షేపము: ఇది సోమరితనము గదా?
సమాధానము: సోమరి ఒంటరిగా పండుకొనును. అడ్డాకు నిత్యము హాజరు కావలెను. రానివాడు మరునాడు సంజాయిషీ చెప్పుకొనవలెను. లాభము గోరి విజిటింగ్ కార్డు తీసినవాడు అనర్హుడు.

ఆక్షేపము: ఇది వంగీయులకే సొత్తా?
సమాధానము: సత్యజిత్ రాయ్ 'ఆగంతుక్' (1991) చిత్రములో ఒక పెద్దమనిషి అట్లే గర్వించును. దేశములు తిరిగివచ్చిన మేనమామ ప్రాచీన గ్రీకుల వ్యాయామశాలలను, అక్కడి సంభాషణలను గుర్తుచేయును.

ఈ పద్యమునకు ప్రాణము 'అరుగు'. తీరిక మనస్సున పుట్టునని పెద్దలందురు. దానికి కూర్చుండు చోటు కావలెనని కలకత్తా అనును. 1876 నాటి ఆల్బర్ట్ హాలులో 1942లో కాఫీ బోర్డు తెరచిన కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ ఇందుకు దృష్టాంతము. అచ్చట ఒక కప్పుతో పూట గడిపినను తలపాగా వెయిటరు లెమ్మనడు. పాత ఇండ్లు కూలి ఫ్లాట్లు లేచినచోట అరుగు పోయి గేటు వచ్చినది. గేటువద్ద కాపలాదారు "ఎవరి కోసం వచ్చారు?" అని అడుగును. "ఎవరి కోసమూ కాదు" అను జవాబు చెల్లుచోటనే తీరిక నిలుచును.

అలంకారము: అతిశయోక్తి యని కొందఱు. స్వభావోక్తి యని కలకత్తా పక్షము. వివాదము తేలలేదు, తేల్చవలసిన తొందరయు ఎవరికిని లేదు.