కోడ్ ముట్టకుండా ఫిర్యాదులు మాన్పించే ఎనిమిది చిట్కాలు

మేళ్లచెరువులో ఇంటిపట్టున కూర్చొని వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్లకు కామెంట్ల ప్లగిన్ రాశావు, ఉచితంగా పెట్టావు. కోదాడ, హుజూర్‌నగర్ వార్తల సైట్లవాళ్లు దించుకున్నారు. ఇప్పుడు పొద్దున లేస్తే ఫిర్యాదులే. బెంగపడకు తమ్మీ. ఫిర్యాదుకు కారణం లోపమనుకున్నవాడు జీవితమంతా కోడ్ దిద్దుతూనే ఉంటాడు. కారణం ఫిర్యాదు చేసే మనిషి. అతను విసిగిపోతే నీ పని పూర్తయినట్టే. కింది చిట్కాలు పాటించు.

1. ఫ్రీ అన్న మాటతో మొదలుపెట్టు. ఏ జవాబైనా "ఇది ఫ్రీ కదన్నా" అనే రాయి. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడతారా అని అడుగు. వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ జీపీఎల్ లైసెన్సు కిందే వస్తోంది. ఎలాంటి వారంటీ లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ పేరా కాపీ చేసి దగ్గర ఉంచుకో. ఇంకా వాదిస్తే "కోడ్ మీ ముందే ఉంది, మీరే దిద్దుకోండి" అని ముగించు.

2. తప్పు అవతలివాళ్లదని తేల్చు. సోమవారం "క్యాషే క్లియర్ చెయ్యండి" అను. మంగళవారం "వేరే బ్రౌజర్‌లో చూడండి" అను. బుధవారం థీమ్ మార్చమను. గురువారం మిగతా ప్లగిన్లన్నీ ఆపేసి ఒక్కొక్కటే ఆన్ చేసి చూడమను. ముప్ఫై ప్లగిన్లున్న సైటుకు ఈ ఒక్క పనే వారం పడుతుంది. చివరికి "మీ దగ్గర సిగ్నల్ ఎట్లుంది?" అని అడుగు. "నా సిస్టంలో మంచిగనే వస్తుంది" అన్నది ఎప్పుడూ నిజమే కావాలంటే ఇంగ్లీషులో ఒక్క ముక్క టైప్ చేసి పరీక్షించు. అంతకు మించి పరీక్షించకు.

3. తెలుగు తెగిపోతే రాసినవాళ్లను తప్పుపట్టు. ఇది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, జాగ్రత్తగా నేర్చుకో. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు తలా 3 బైట్లు కావాలి. 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు తింటుంది. నువ్వు 500 అక్షరాల పరిమితిని బైట్లలో లెక్కపెట్టు. తెలుగులో రాసేవాళ్లకు 166 గుర్తులు కూడా దాటవు. ఇక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత 'యూటీఎఫ్8' పట్టికకు ఒక్కో గుర్తు మూడు బైట్ల దాకే పడుతుంది, ఎమోజీకి నాలుగు కావాలి. ఒకాయన "శంభులింగేశ్వరస్వామి జాతరల ఎడ్ల పందేలు మస్తుగున్నయి" అని రాసి, దండం బొమ్మ పెట్టి, "రేపు మా ఎడ్లు గూడ దిగుతున్నయి, అందరు రాండ్రి" అన్నాడనుకో. 'మస్తుగున్నయి' దాకే నిలుస్తుంది. దండం, పిలుపు రెండూ పోతాయి. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో 4.2 వెర్షన్‌తో నాలుగు బైట్ల పద్ధతికి మారింది. నువ్వు మారకు, దానికి ఒక పూట పని పడుతుంది. "పొట్టిగా రాయండి, బొమ్మలు పెట్టకండి" అని జవాబివ్వు.

4. పెద్ద కంపెనీని అడ్డం పెట్టుకో. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. "యాపిల్‌కే తెలుగు చేతగాలేదు, నేనెంత?" అను. అదే నెలలో ఐవోఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, "వాళ్లకు జీతాలిచ్చి పెట్టుకున్న ఇంజినీర్లున్నరు" అని సరిపెట్టు.

5. భద్రత గురించి చెప్పేవాళ్లను పొగిడి పంపు. 2015 ఏప్రిల్‌లోనే వర్డ్‌ప్రెస్‌లో మరో లోపం బయటపడింది. కామెంటు 64 కేబీ దాటితే తోక తెగేది, మిగిలిన భాగంలో దాచిన స్క్రిప్టు, అడ్మిన్ ఆ కామెంటున్న పేజీ తెరవగానే నడిచేది. 4.2.1తో వెంటనే మూశారు. అలాంటి రంధ్రం నీ దాంట్లో ఎవరైనా చూపిస్తే "మంచిగ చెప్పినవన్నా, నోట్ చేసుకున్న" అను. ఎక్కడా నోట్ చేసుకోకు. లాగ్ ఫైలు కూడా పెట్టకు. డిస్కస్ అనే కామెంట్ల సేవ నుంచి 2012లో పోయిన సుమారు కోటీ 75 లక్షల మంది వివరాల సంగతి 2017 అక్టోబరులో గానీ బయటికి రాలేదు. తెలియని దొంగతనానికి ఎవరూ సంజాయిషీ అడగరు.

6. నంబరు పెంచు, కోడ్ పెంచకు. కొత్త వర్డ్‌ప్రెస్ వెర్షన్లతో పరీక్షించలేదన్న హెచ్చరిక నీ ప్లగిన్ పేజీ మీద కనబడుతోందా? రీడ్‌మీ ఫైలులో 'టెస్టెడ్ అప్ టు' ఎదురుగా ఉన్న అంకె మార్చు. హెచ్చరిక పోతుంది. మార్పుల జాబితాలో "చిన్న చిన్న లోపాలు సవరించాం" అని రాయి. ఏ లోపాలో రాయకు, రాస్తే సరిచూస్తారు.

7. నక్షత్రాలు ఇంట్లోనే పండించు. ఒక్క నక్షత్రం ఇచ్చినవాడితో వాదించి టైం పాడుచేసుకోకు. బావమరిదికి, బీటెక్ సోపతిగాళ్లకు ఫోన్ చేసి అయిదేసి నక్షత్రాలు వేయించు. అందరూ "సూపర్ అన్నా" అనే రాస్తే అనుమానం వస్తుంది, ఒకరిద్దరిని రెండు వాక్యాలు రాయమను. పాత ఫిర్యాదులన్నిటికీ 'పరిష్కారమైంది' అని గుర్తు పెట్టెయ్. అడిగినవాడు మళ్లీ తెరిచేసరికి నెల గడుస్తుంది.

8. సాకుల క్యాలెండర్ తయారుచేసుకో. మాఘంలో శివరాత్రి జాతర, చైత్రంలో ఉగాది, వానాకాలంలో నాట్లు, తర్వాత కోతలు, మధ్యమధ్య కరెంటు కోత. చెల్లె పెళ్లి ఒక్కసారే వాడు, రెండోసారి గుర్తుపడతారు. ఏమీ దొరకనప్పుడు "వచ్చే వెర్షన్‌ల చూస్తం" అను. తేదీ మాత్రం చెప్పకు.

ఇవన్నీ శ్రద్ధగా చేస్తే ఆర్నెల్లలో ఫలితం కనబడుతుంది. ముందు పొడుగు ఉత్తరాలు రాసేవాళ్లు మానుకుంటారు. తర్వాత తిట్టేవాళ్లు మానుకుంటారు. ఆ తర్వాత సైట్లవాళ్లు ఒక్కొక్కరే ప్లగిన్ తీసేస్తారు. ఎగుమతి బటన్ పెట్టలేదు కాబట్టి జనం రాసిన మాటలన్నీ నీ పట్టికల్లోనే పడి ఉంటాయి, ఎవరికీ అందవు. ఒక్క లోపమూ దిద్దకుండానే ఒక్క ఫిర్యాదూ రాని రోజు వచ్చేసింది. ఇక అదే కోడ్‌కు కొత్త పేరు, కొత్త లోగో తగిలించి ఎక్కించు. ఈసారి ప్రో వెర్షన్ కూడా పెట్టి, ఏడాది చందా ముందే వసూలు చెయ్.