చెవికి సున్నా, బట్టీకి వంద

పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం పెద్ద తలనొప్పి. టీచర్లు కావాలి, పుస్తకాలు కావాలి, ఏళ్లు పడుతుంది. ఇంతా చేస్తే చివర్లో రిబ్బను కత్తిరించే అవకాశం కూడా ఉండదు. పరీక్ష పెట్టడం అలా కాదు. ఒక ఒప్పందం, రెండు సంతకాలు, ఒక ఫొటో, ఆనక ఒక సర్టిఫికెట్. ఈ రెండింట్లో ఏది ఎంచుకోవాలో తెలియనంత అమాయకులెవరూ మనల్ని ఇంతవరకూ ఏలలేదు.

అందుకే 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌తో చేతులు కలిపింది. న్యూజెర్సీ రాష్ట్రం ప్రిన్స్‌టన్ చిరునామాతో నడిచే ఈ సంస్థే టోఫెల్ పరీక్ష పెడుతుంది. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచి చిన్నపిల్లలకు టోఫెల్ ప్రైమరీ, హైస్కూలు పిల్లలకు టోఫెల్ జూనియర్ అన్నారు. టోఫెల్ అంటే మనవాళ్లకు పరీక్ష కాదు, విమానం. 1964లో మొదలైన ఆ పరీక్ష ఆనాటి నుంచీ అమెరికా విశ్వవిద్యాలయాల గేటు దగ్గరే కూర్చుని ఉంది. అమీర్‌పేటలో కోచింగ్, చిలుకూరు బాలాజీ గుళ్లో పదకొండు ప్రదక్షిణలు, ఆపైన డాలస్‌లో దిగడం. ఆ పేరు చెవిన పడితే తల్లిదండ్రులకు కడుపు నిండిపోతుంది. బడిలో ఇంగ్లీషు మాస్టారి కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి కాసేపు మరిపించగల పేరు అది. పేరు ఎంపికలో మాత్రం తప్పు పట్టలేం.

టోఫెల్ జూనియర్ పరీక్షలో మూడు భాగాలు: వినడం, వ్యాకరణం–పదజాలం, చదవడం. ఒక్కోదానికి స్కోరు 200 నుంచి 300 వరకు. మొత్తం మీద 600 నుంచి 900. కాస్త ఆగి చూడండి. కింది గీత సున్నా దగ్గర లేదు, 600 దగ్గర ఉంది. ఏ బిడ్డకైనా ఆరొందలు ఖాయం. కొలత శాస్త్రంలో ఇలాంటి స్కేలుకు కారణాలున్నాయి, అవి సబబైనవే. కానీ మన రాజకీయ శాస్త్రంలో ఇంతకంటే ముద్దొచ్చే పరీక్ష ఇంకా పుట్టలేదు. పాసు శాతం అడిగేవాడు ఉండడు, ఫెయిలైన పిల్లల్ని లెక్కపెట్టేవాడు ఉండడు. పైగా మన పదో తరగతి మొత్తం మార్కులు కూడా సరిగ్గా 600. టోఫెల్ జూనియర్‌లో ఆరొందల పది తెచ్చుకున్న కుర్రాడి తండ్రి, తన కొడుకు స్టేట్ ఫస్టును పది మార్కుల తేడాతో ఓడించాడని ఊరంతా మిఠాయి పంచితే ఆయన్ని ఏమనగలం?

ఇక వినిపించే సంభాషణలన్నీ అమెరికా బడి లోకంలో జరుగుతాయి. టీచరు క్లాసులో ఏదో ప్రకటిస్తుంది, ఒకమ్మాయి లైబ్రేరియన్‌ను ఏదో పుస్తకం అడుగుతుంది. మన పిల్లకు అక్కడే గొంతు తడారిపోతుంది. లైబ్రేరియన్ అనే మనిషిని ఆ పిల్ల ఎప్పుడు చూసింది గనక? మన బడుల్లో చాలాచోట్ల లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో తాళం వేసిన బీరువా. ఆ బీరువాకు ఇన్‌చార్జి ఉంటాడు, జాబితా ఉంటుంది, తనిఖీ ఉంటుంది. పాఠకుడు ఒక్కడే ఉండడు, ఎందుకంటే పుస్తకం పోతే ఇన్‌చార్జి జీతంలోంచి కోస్తారని భయం.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మన సోమలింగానికి పేరు పెట్టడమే కాదు, స్కోరు కార్డు కూడా అచ్చేయించాం.

ఇంగ్లీషు ఎలా నేర్పాలి, ఎలా పరీక్షించాలి అనే పని మీదే 1958లో హైదరాబాద్‌లో ఒక సంస్థ పెట్టారు. అదే తార్నాకలోని నేటి ఇఫ్లూ. తెలుగు పిల్లాడికి ఎక్కడ నాలుక తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో చెప్పగల పండితులు అక్కడ తరాల తరబడి ఉన్నారు. అయినా మన ఫైలుకు ప్రిన్స్‌టన్ దారి తెలిసినంత బాగా తార్నాక దారి తెలియదు. తార్నాకకు వెళ్లొస్తే ఎవరు ఫొటో తీస్తారు?

ఇంతకుముందు మీడియం యుద్ధమూ ఇలాగే నడిచింది. 2019 నవంబరులో ఆంధ్రలోని ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియానికి మార్చే జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈ మధ్యలో జరిగిన చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు, మీ మనవలు ఎక్కడ చదువుతున్నారు? పేదవాడి బిడ్డకు ఇంగ్లీషు కావాలనడంలో అన్యాయం ఏమీ లేదు. ఆ బిడ్డకు దాన్ని ఎవరు చెబుతారు, ఏ పుస్తకంతో చెబుతారు, వారానికి ఎన్ని గంటలు ఆ భాష చెవిన పడుతుంది అన్న ప్రశ్నలు మాత్రం నాయకుల మనవల దగ్గరే ఆగిపోయాయి.

2024లో ప్రభుత్వం మారింది. బడి భోజనానికి గోరుముద్ద పేరు పోయి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. టోఫెల్ టైంటేబుల్లోంచి జారుకుంది. తెచ్చినవాళ్లు విప్లవం అన్నారు, తీసినవాళ్లు ఆర్భాటం అన్నారు. దాన్ని రాసిన పిల్లలు ఏమన్నారో వినడానికి ఎవరూ పీరియడ్ కేటాయించలేదు.

సరే, పరాయి పరీక్ష పోయింది. మన సొంత పరీక్ష ఉందిగా? పదో తరగతి ఇంగ్లీషు పేపరు చూద్దాం. ఆంధ్రలో వంద మార్కులు, మూడుంబావు గంటలు. చదివి అర్థం చేసుకోవడం ఒక భాగం, వ్యాకరణం, పదజాలం ఇంకో భాగం, రాయడం మూడో భాగం. వినడానికి ఎన్ని మార్కులు? సున్నా. మాట్లాడడానికి? సున్నా. అంటే పదేళ్లు ఇంగ్లీషు చదివిన బిడ్డ ఆ భాషలో ఒక్క ముక్క వినకుండా, నోరు విప్పకుండా వందకు వంద తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటున్నారు కూడా. ఫ్లెక్సీల మీద వాళ్ల ఫొటోలు చూస్తూనే ఉన్నాం.

చదవడమైనా పరీక్షిస్తున్నామా అంటే, అదొక కళ. ఆ భాగంలో కొన్ని పేరాలు పాఠ్యపుస్తకంలోంచే ఎత్తి ఇస్తారు. ఆ పేరాలనూ, వాటి కింద రాగల ప్రశ్నలనూ, వాటి జవాబులనూ ఆల్ ఇన్ వన్ గైడు ఏడాది ముందే అచ్చేసి పెడుతుంది. పిల్లాడు మొదటి వాక్యం చూసి పేరాను పోల్చుకుంటాడు, జవాబులు వరసగా దించేస్తాడు. ఇది పఠన నైపుణ్యం కాదు, ముఖ పరిచయం. ఈ పరీక్షలో పిల్లాడు నిజంగా చదివే ఘట్టం ఒకటుంది. ప్రశ్నపత్రం చదువుకోవడానికి మొదట్లో ఇచ్చే పదిహేను నిమిషాలు. దానికి మార్కులు లేవు.

చూడని పేరా కూడా ఇస్తారు కదా అంటారా? ఇస్తారు. దానికీ మందుంది. ఒక నమూనా చూడండి: ‘చెరువు గట్టున ఒక గుంబిలి డిక్కనంగా తొబ్బుతోంది.’ ప్రశ్న: గుంబిలి ఎక్కడ తొబ్బుతోంది? జవాబు: చెరువు గట్టున. ప్రశ్న: ఎలా తొబ్బుతోంది? జవాబు: డిక్కనంగా. రెండుకు రెండు మార్కులు మీవే. గుంబిలి అంటే ఏమిటో మీకు తెలియదు, నాకూ తెలియదు, స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలుగా పేపర్లు దిద్దే మాస్టారికి తెలుసుకునే తీరికా లేదు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో పట్టుకుని ఆ వాక్యాన్ని ఎత్తి రాయమని ట్యూషన్లలో నేర్పేది ఈ విద్యనే.

వినడం పూర్తిగా లేదనడం కూడా అన్యాయమే. కాగితం మీద ఉంది. ఏళ్ల తరబడి మన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో యూనిట్‌కొక లిజనింగ్ అభ్యాసం ఉంటూ వచ్చింది. టీచరు చదివి వినిపించాల్సిన పాఠాన్ని ఆ పుస్తకం చివరే అచ్చేశారు. విని చెప్పాల్సిన కథ పిల్లాడి ఒళ్లోనే ఉంటుందన్న మాట. దాన్ని కూడా చదివి వినిపించే ఓపిక టీచరుకు మిగలాలి కదా. కొన్నాళ్ల కిందటిదాకా మరుగుదొడ్డి ఫొటో ఒక యాప్‌లో, అన్నం ఫొటో మరో యాప్‌లో ఎక్కించి, సిగ్నల్ కోసం మేడ ఎక్కి దిగాక మిగిలేది గంట కొట్టే సమయమే. లిజనింగ్ మార్కులు అప్పుడు రిజిస్టర్‌లో పడేవి. చెవులు బాగున్న పిల్లలందరికీ సమానంగా.

తెలంగాణలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. ఆ ఇరవై మార్కులను ప్రైవేటు బడులు ప్రసాదంలా పంచుతాయని అందరికీ తెలుసు. పైనుంచి మందలింపు వచ్చినట్టే వచ్చింది. 2024 నవంబరు చివర్లో ఇంటర్నల్స్ రద్దు అన్నారు, ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఏడాదికి కాదన్నారు. పరీక్షకు నాలుగు నెలల ముందు ఈ ప్రకటనలు వింటూ కూర్చోవడమే ఆ పిల్లలకు దక్కిన అసలైన వినికిడి పరీక్ష.

కేంద్ర బోర్డు ఒక అడుగు ముందుకేసింది, నిజమే. గత దశకంలో సీబీఎస్ఈ ఇంగ్లీషులో వినడానికి, మాట్లాడడానికి విడిగా పరీక్ష పెట్టింది. బడులు ఆడియో తెచ్చుకుని వినిపించాయి, పిల్లలు రాశారు. కొన్నేళ్లకు ఆ విడి పరీక్ష తగ్గి తగ్గి ఇంటర్నల్ మార్కుల్లో కలిసిపోయింది. ఇంటర్నల్‌లో కలిసిందంటే ఏ గతి పట్టిందో పై పేరాలో చెప్పాను.

మరి కార్పొరేట్ బడిలో? అక్కడ గోడ మీద ‘ఇంగ్లీషులోనే మాట్లాడవలెను’ అని ఉంటుంది. తెలుగు మాట్లాడితే జరిమానా. జరిమానా భయంతో పిల్లలు ఏ భాషా మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్నే క్రమశిక్షణ అని బ్రోచర్‌లో వేస్తారు.

ఈ నాటకమంతా ఎక్కడికి తెచ్చిందో ‘అసర్’ 2023 నివేదిక చెప్పింది. దేశంలోని కొన్ని గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను కలిసి చూశారు. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు నూటికి 57 మంది. చదవగలిగినవాళ్లలో ఇంచుమించు ముప్పాతిక మంది మాత్రమే అర్థం చెప్పగలిగారు. ఇంకో లెక్క ఇంతకంటే చేదు: నూటికి పాతిక మంది తమ ప్రాంత భాషలో రెండో తరగతి పాఠాన్నే తడుముకోకుండా చదవలేకపోయారు. తన భాషలో అక్షరం కూడబలుక్కునే పిల్లాడికి పరాయి భాషలో పఠన పరీక్ష పెట్టి, వచ్చిన అంకెను పట్టుకుని పార్టీలు కొట్టుకోవడమే మన విద్యా విధానం.

పరీక్షే వద్దని కాదు నేననేది. మన దేశంలో మార్కు లేనిది పాఠం కాదు, కాబట్టి పరీక్ష కావాలి. ఇంగ్లీషు బోధన మీద 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక బృందం చెప్పింది సూటిగా ఉంది: ముందు పిల్లల చుట్టూ భాష పుష్కలంగా ఉండాలి. రోజుకు పది నిమిషాలు వాతావరణ వార్తో, క్రికెట్ కామెంటరీయో, రైల్వే స్టేషన్ ప్రకటనో వినిపించండి. బీరువా తాళం పగలగొట్టండి. ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలో వినడానికి ఇరవై మార్కులు పెట్టండి. జవాబు ఇంగ్లీషు వాక్యంలో రాయమనకండి. దారి చెబితే పటం మీద గీత గీస్తే చాలు, ఎందుకంటే కొలుస్తున్నది చెవిని, చేతిని కాదు. చదవడానికి ఎన్నడూ చూడని పేరా ఇచ్చి, ఎత్తి రాస్తే దొరకని ప్రశ్న అడగండి. లక్షల మంది రాసే పరీక్షలో స్పీకర్లు ఎక్కడి నుంచి తేవాలని అధికారులు వాపోతారు. ఎన్నికలప్పుడు ప్రతి సందు చివరికీ మైకు చేర్చిన రాష్ట్రాలివి.

అయితే ఏ పరీక్షనైనా ముందు కొద్దిమంది మీద ప్రయోగించి చూడడం ఆనవాయితీ. అందుకు సచివాలయమే తగిన కేంద్రం. నమూనా పేపరు సిద్ధంగా ఉంది.

భాగం ఎ – వినడం. ఒక్కసారే వినిపిస్తాం.

1. ‘సార్, మా బడిలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటు పోస్టు ఖాళీగా ఉందండీ.’ ఈ టీచరు ఏం అడుగుతున్నారు? (ఎ) డిజిటల్ ప్యానెల్ (బి) కొత్త యాప్ (సి) గోడలకు రంగులు (డి) స్కూల్ అసిస్టెంటు.

2. ‘మేడం, ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందండీ?’ ఈ పిల్లకు కావలసింది: (ఎ) తాళం (బి) బీరువా (సి) విచారణ కమిటీ (డి) పుస్తకం.

భాగం బి – చదవడం.

3. కిందటి పదేళ్లలో ఇంగ్లీషు చదువు మీద మీరు, మీకు ముందువారు జారీ చేసిన ఉత్తర్వులన్నీ చదివి, వాటిలో ఇప్పుడు ఏది అమల్లో ఉందో సొంత మాటల్లో ఒక్క వాక్యంలో రాయండి. ఉత్తర్వులోని వాక్యాన్ని ఎత్తి రాస్తే మార్కులుండవు.

4. పై ఉత్తర్వుల వల్ల ఒక హైస్కూలు పిల్లకు కలిగిన మేలు ఒకటి చెప్పండి. ఫొటోలు జతచేయరాదు.

సూచనలు: ఈ పేపరులో కింది గీత 600 కాదు, సున్నా. గ్రేస్ మార్కులు, ఇంటర్నల్స్ లేవు. పక్క పార్టీ పేపరు చూసి రాయకూడదు. దీనికి ఆల్ ఇన్ వన్ గైడు మార్కెట్లో దొరకదు, చదువుకునే రావాలి.