ఇనుప వేలు, ఇంటి వేలు

తిరువూరులో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళి ఎక్స్‌టెన్షన్ బాక్సు అడిగితే రెండు రకాలు బల్ల మీద పెడతారు. ఒకటి మామూలుది. రెండోది చూపించేటప్పుడు షాపాయన గొంతులోకి కాస్త భక్తి వస్తుంది: "ఇది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ సార్." అంటే దీన్ని తయారుచేసినవాడు సముద్రం అవతల ఎవరికో షాకు కొట్టకూడదని శ్రద్ధ తీసుకున్నాడన్నమాట. మరి ఆ మామూలుది ఎవరికోసం చేసినట్టు? ఆ మాట అడిగి షాపాయన్ని ఇబ్బంది పెట్టడం మన మర్యాద కాదు. రెండోదాని ధర విని మొదటిదే కొనుక్కుంటాం కాబట్టి గొడవే లేదు.

ఎగుమతిదారుల కష్టాలు మాత్రం పగవాడికి కూడా వద్దు. మన 230 వోల్టుల మిక్సీని అమెరికావాళ్ళ 120 వోల్టులకు సరిపడా మార్చడం వాటిలో చిన్నది, మోటారు వైండింగు మారిస్తే అయిపోతుంది. ఆ తరవాత మొదలవుతుంది అసలు వ్రతం, భద్రతా గుర్తుల వ్రతం. అమెరికాకు యూఎల్, ఐరోపాకు సీఈ, జపానుకు పీఎస్ఈ, చైనాకు సీసీసీ, గల్ఫుకు జీ మార్కు. సీఈ గుర్తు కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలట. దాని వెనకున్న పరీక్షల కాగితాలన్నీ 10 ఏళ్ళు దాచాలట. మనింట్లో మిక్సీ బిల్లు పండగదాకా ఉంటే గొప్ప.

ఇక ల్యాబులో ఒక ఇనుప వేలు ఉంటుంది. 12 మిల్లీమీటర్ల లావు, 80 మిల్లీమీటర్ల పొడవు, మన వేలికున్నట్టే కణుపులు, కణుపుల దగ్గర వంగుతుంది కూడా. దాన్ని మిక్సీ కన్నాల్లో, సందుల్లో అన్ని వైపుల నుంచీ దూర్చి చూస్తారు. కరెంటు పారే భాగానికి తగిలిందా, మిక్సీ ఫెయిలు. మన దగ్గర ఈ పరీక్ష జరగదనుకునేరు. ప్రతి ఇంట్లోనూ జరుగుతూనే ఉంటుంది. కాకపోతే ఇనుము ఖర్చుండదు, వేలు ఇంటివాళ్ళదే.

తరవాత వైరు పట్టుకుని లాగుతారు. మొత్తం 25 సార్లు. 4 కిలోలు దాటిన సామానైతే పది కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగుతారు. ఇంతా లాగాక వైరు 2 మిల్లీమీటర్లకు మించి జరగకూడదు. స్విచ్చి కట్టడానికి బద్ధకించి, వైరు పట్టుకునే ప్లగ్గు ఊడబెరికే మనకు 25 అనేది ఒక వారం లెక్క. ఎర్రగా కాల్చిన తీగతో ప్లాస్టిక్కుకు వాతలు పెట్టడం, ఎర్తు తీగ నిరోధం 0.1 ఓము లోపల ఉందో లేదో కొలవడం లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఎర్తు మాటెత్తితే మాత్రం మా వీధి మోటారు మెకానిక్కుకు నవ్వొస్తుంది.

డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్న ఒకావిడ మొన్న మిక్సీ పట్టుకుని ఆ మెకానిక్కు దగ్గరికొచ్చింది.

"దీన్ని అక్కడికి పనికొచ్చేట్టు చేసిపెట్టు నాయనా."

"ఏం పిన్నిగారూ, అక్కడ కరెంటు ఇంగ్లీషులో మాట్లాడుద్దా?"

"వోల్టులు తక్కువంట. పైగా దీని మీద ఏదో గుర్తు లేదంట. కాలిపోతే ఇన్సూరెన్సు రాదని మావాడు భయపెడతన్నాడు."

"గుర్తుంటే కాలదా ఏంటి పిన్నిగారూ?" అంటూ అలవాటు చొప్పున ప్లగ్గు వంక చూశాడు. దానికి మూడు పిన్నులున్నాయి. అతని బోర్డు మీద ఖాళీగా ఉన్నది రెండు కన్నాల సాకెట్టు. కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. "పని చేసేవి రెండేగా, మూడోది ఊరికే అడ్డం."

ఆ అడ్డమైన మూడోది మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివరికి అదే వదలాలి. లోపల వైరు తెగి మిక్సీ ఒంటికి కరెంటు పాకితే ఆ దారిన భూమిలోకి పోవాలి. దారి కోసేస్తే కరెంటు ఆగదు, ఎవరు పట్టుకుంటే వాళ్ళలోంచి పోతుంది.

ఆ డల్లాస్ కుర్రాడి భయం వెనక పెద్ద కథే ఉంది. 1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన పెట్టి, ఎక్కడ చూసినా కరెంటు దీపాలు వెలిగించారు. నిప్పంటుకుంటే పరిహారం కట్టాల్సినవాళ్ళు ఇన్సూరెన్సువాళ్ళు. వాళ్ళకు నిద్ర పట్టక, విలియం హెన్రీ మెరిల్ అనే కుర్ర ఇంజినీరును వైర్లు చూసి రమ్మని పంపారు. ఆయనే మరుసటి ఏడాది మొదలుపెట్టిన సంస్థ ఇవాళ్టి యూఎల్. వివేకానందుడు ప్రసంగించింది ఆ ఏడే, ఆ ఊళ్ళోనే. మనకు ప్రసంగం గుర్తుంది, వైర్లు గుర్తులేవు. ఆ సంస్థ దయాగుణంతో పుట్టలేదని గమనించాలి. డబ్బు ఎవరికి పోతుందో వాళ్ళు అడిగారు, అందుకని పుట్టింది. మన దగ్గర పోయేది ప్రాణం. దానికి అడిగేవాడు లేడు.

పోనీ మనకు చేతకాదా అంటే, రేణిగుంటలో కేబుళ్ళు, శ్రీసిటీలో ఏసీలు చేస్తున్నాం. పరీక్షించడానికి హైదరాబాదులో ప్రభుత్వ ల్యాబులున్నాయి, విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలకు వేరే ఉన్నాయి. రూలు లేదా అంటే, అదీ ఉంది. ఇంటి సామాను భద్రతకు మన ఐఎస్ 302 అంతర్జాతీయ ఐఈసీ 60335 ఆధారంగా రాసుకున్నదే. ఇనుప వేలు మన పుస్తకంలోనూ ఉంది. వైర్లు, స్విచ్చిలు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్ళలో ముంచే హీటర్లు ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదని 2003లోనే ఆర్డరు వచ్చింది. ఇలాంటి ఆర్డర్లు మామూలుగా ఎగుమతి సరుకుకు వర్తించవు. అంటే ఈ రూలు ఉన్నదే అచ్చంగా మనకోసం. చలికాలంలో తోపుడు బండి మీద గుత్తులుగా వేలాడే హీటర్ రాడ్లకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

మామిడికాయలో మాత్రం తేడా ఉందా? మన బంగినపల్లి అమెరికా వెళ్ళాలంటే 2007 నుంచి రేడియేషన్ శుద్ధి జరగాలి, అదీ వాళ్ళ ఇన్‌స్పెక్టరు కళ్ళముందు. మనం తినే పళ్ళకు ఏ శుద్ధీ అక్కర్లేదు, గంపలో ఓ కార్బైడు పొట్లం పడేస్తే చాలు. అదీ నిషేధించిందే.

విదేశాల గుర్తులన్నిటికీ మన దగ్గర ఒక్కటే సమాధానం, "ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా?" ల్యాబు అక్కర్లేదు, ఫీజు లేదు, రెన్యువలు లేదు. పొలంలో మోటారు స్టార్టరు డబ్బాకు మూత లేకపోయినా, ఫ్యూజులో రాగి పోగులు మెలిపెట్టి కట్టినా, పైపు మీది వైరు జాయింటుకు చుట్టిన టేపు ఊడి వేలాడుతున్నా ఈ సర్టిఫికెట్టు చెల్లుతుంది. ఏదో ఒకరోజు పొద్దున్నే జిల్లా పేజీలో, విద్యుదాఘాతంతో రైతు మృతి అని నాలుగు లైన్లు వచ్చేదాకా చెల్లుతుంది. దేశంలో ఏటా 12 వేల మందికి పైగా ఇలా కరెంటు తగిలి పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఎగుమతి సరుకు అంతమందిని చంపితే ఏ దేశమైనా ఓడ వెనక్కి పంపేది. మనకు వెనక్కి పంపడానికి ఓడ కూడా లేదు.

ఈసారి వైరో, స్విచ్చో, హీటరో కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరుందేమో చూడండి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే, ఆ లైసెన్సు ఎవరిదో, ఏ సామానుకు ఇచ్చారో తెలిసిపోతుంది. యాప్ ఉచితం. షాపాయన విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మూడో పిన్ను మాత్రం ఎవరినీ కొయ్యనివ్వకండి.