వ్యాయామం: లేదు

పెద్దమ్మ ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ కేన్సరేనని తేలిన రోజు నుంచి పెద్దనాన్న ఆవిణ్ణి మంచం దిగనివ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి పనిమనిషిని పెట్టాడు. కోరుకొండ సెంటర్లో ఎవరు పలకరించినా ఒకటే మాట: "చెంబు కూడా ఎత్తనివ్వట్లేదండీ. రాణీలా చూసుకుంటున్నాను." అబద్ధమేం కాదు. మంచినీళ్లు కూడా పనిమనిషి చేతే ఇప్పించేవాడు.

పెద్దమ్మ జన్మలో పొగ తాగలేదు. ఆయన నోట్లో చుట్ట ఆరిందీ లేదు. లంక పొగాకు తప్ప ఇంకోటి ముట్టడు. ఎవరైనా తప్పంటే జవాబు సిద్ధంగా ఉండేది: "1947లోనే రాజమండ్రిలో పొగాకు మీద పరిశోధన సంస్థ పెట్టారు. చెడ్డదైతే పెడతారట్రా?" పొగ తాగనివాళ్లకీ ఈ జబ్బు వస్తుందనీ, పక్కవాళ్లు వదిలే పొగ, కట్టెల పొయ్యి పొగ అందుకు కారణాలు కావచ్చనీ నేను చెప్పాను. పొయ్యి సంగతి వెంటనే ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ గురించి మాట్లాడ్డానికి రాజమండ్రి తీసుకెళ్లాం. ఫిజియోథెరపీ అమ్మాయి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"మామ్మగారూ, జబ్బుకి ముందు రోజూ వాకింగ్ చేసేవారా?"

"లేదమ్మా," పెద్దనాన్న అందుకున్నాడు.

"యోగా?"

"లేదు."

"ఇంకేదైనా వ్యాయామం?"

"దానికి అవన్నీ ఎక్కడివమ్మా. ఇంట్లోనేగా ఉండేది."

ఆ అమ్మాయి రాసుకుంది. వ్యాయామం: లేదు.

రెండు గేదెల చాకిరీ, బోరింగు దగ్గర్నుంచి బిందెలు, కూలీలకి చేలోకి క్యారేజీలు, నూర్పిళ్లప్పుడు ధాన్యం తూర్పారబట్టడం, ఇవి ఏ గడిలోకీ రావు కాబోలు. ఏటా తీర్థానికి కొండెక్కి లక్ష్మీనరసింహస్వామిని చూసొచ్చేది. కోరుకొండ మెట్లెక్కినవాళ్లకి ఆ సంగతేమిటో చెప్పక్కర్లేదు. ఆరు వందల పైచిలుకు, అదీ నిట్టనిలువు. పెద్దనాన్న మాత్రం కింద గుళ్లోనే దణ్ణం పెట్టుకుని నీడన కూర్చునేవాడు.

"మీకేం చేయడం ఇష్టం మామ్మగారూ?" ఈసారి పెద్దమ్మనే చూస్తూ అడిగింది.

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. అలాంటి ప్రశ్నకి అలవాటు లేదు పాపం.

"నడవడం," అంది.

"ఎవరైనా తోడుంటే బావుంటుందా, ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే తల్లీ. ఈయనొస్తే చుట్ట కూడా వస్తుంది."

తర్వాత మెట్లెక్కించి చూశారు. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేస్తే మనిషి తట్టుకుంటాడో లేదో చూడ్డానికి సర్జన్లకి ఇదో పాత పద్ధతి. 22 మీటర్ల ఎత్తు ఆగకుండా ఎక్కితే పెద్దగా భయం లేదని వాళ్ల లెక్క. మా కొండ ముందు అదెంత? అయినా పెద్దమ్మ సగంలోనే రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది. "ఇదేవిట్రా అబ్బాయ్, నా కాళ్లు నావి కానట్టున్నాయి," అంది నా మొహంలోకి చూసి. పెద్దనాన్న లిఫ్టులో పైకొచ్చి మాకోసం ఎదురు చూస్తున్నాడు.

డాక్టరు ఆయన్నే పట్టుకున్నాడు.

"మంచాన ఉంచమని ఎవరు చెప్పారండీ మీకు? కదలకపోతే కండ కరిగిపోతుంది. కండ కరిగితే నాలుగడుగులకే ఆయాసం. ఆయాసమని మళ్లీ పడుకోబెడతారు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. ఆపరేషన్ లోపల ఆవిడకి మళ్లీ ఓపిక రావాలి. రోజూ నడవనివ్వండి. ఊపిరి వ్యాయామాలు మావాళ్లు నేర్పిస్తారు. అవి చేసి వచ్చినవాళ్లకి ఆపరేషన్ తర్వాత న్యుమోనియా లాంటి ఇబ్బందులు తగ్గుతాయి. ఇంట్లో చిన్నా చితకా పనులు ఓపికున్నంత వరకు చేసుకోనివ్వండి, తప్పులేదు. ఇక మీ చుట్ట, అది ఇవాళే మానెయ్యాలి."

పెద్దనాన్న తలవంచుకుని అంతా విన్నాడు. తిరుగు దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. కారు దిగేదాకా చుట్ట కూడా తియ్యలేదు. డాక్టరు మాట బాగానే తగిలిందనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పెరట్లో పనిమనిషి గిన్నెలు తోముతోంది. పెద్దనాన్న తిన్నగా అక్కడికే వెళ్లాడు.

"ఇదిగో అమ్మాయ్, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు అగ్గిపుల్ల గీస్తూ. "అంట్లు తోమడం అమ్మగారికి డాక్టరు రాసిచ్చాడు."