పులి, మేక, గడ్డిమోపు: సటీకా తాత్పర్యము

మూలము

ఒక మనిషి పులిని, మేకను, గడ్డిమోపును ఏరు దాటించాలి. పడవలో తనతో పాటు ఒక్కటే పడుతుంది. తను లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. ఎలా దాటిస్తాడు?

అవతారిక

అన్నము తిన్న పిమ్మట పిల్లలు నిద్రపోక ఇల్లు పీకి పందిరి వేయునపుడు పెద్దలు ప్రయోగించు అస్త్రములలో ఇది మొదటిది.

ప్రతిపదార్థము

ఒక మనిషి = పేరు, ఊరు, గోత్రము చెప్పబడని ఒకానొక నరుడు; పులిని = వ్యాఘ్రమును (ఇది అతని కెట్లు దొరికెనో మూలకారుడు చెప్పడు); మేకను = అజమును; గడ్డిమోపును = తృణభారమును; ఏరు = వంతెన మంజూరు కాని నదిని; ఒక్కటే = రెండు కాదు అని భావము; ఎలా = ఏ విధముగా; దాటిస్తాడు = దాటించును?

శంకా సమాధానములు

శంక: పులిని పడవ ఎక్కించగలవాడు మేకను చెట్టుకు కట్టివేయలేడా?
సమాధానము: మూలమున తాడు చెప్పబడలేదు. చెప్పని తాడుతో మేకను కట్టరాదు.

శంక: పులి ఆ మనిషినే ఏల తినదు?
సమాధానము: తినిన యెడల తెడ్డు వేయువారుండరు. పులికి ఆపాటి ముందుచూపు కలదు.

శంక: అవతలి ఒడ్డున గడ్డి మొలవదా?
సమాధానము: ఇట్టి ప్రశ్నలు వేయువారిని వెంటనే పడుకోబెట్టవలెను.

పాఠాంతరములు

పశ్చిమ దేశముల వారు పులికి తోడేలును, గడ్డికి క్యాబేజీని చదువుదురు. ఇంగ్లీషువారిలో కొందరికి నక్క, బాతు, గింజల మూట ఇష్టము. షార్లమేన్ చక్రవర్తి కొలువున చదువు చెప్పిన ఆల్క్విన్ (మరణము 804) పేర చెలామణియగు లాటిన్ లెక్కల పుస్తకమున తోడేలు పాఠమే ఉన్నది. కుర్రవాండ్ర బుద్ధికి పదును పెట్టుటకని ఆ పుస్తకము పేరే చెప్పుచున్నది. జంతువులు మారినను ఆకలి వరుస మారలేదు గనుక అన్ని పాఠములును గ్రాహ్యములే.

నాయికా నిర్ణయము

గాండ్రింపును బట్టి పులికే పెద్దపీట వేయుట కొందరి వాడుక. అది సరికాదు. పులికి పని మేకతోనే. గడ్డికి భయము మేకవలననే. రెండు తగవులలోను ఉన్నది మేక. కనుక మేకయే నాయిక. పులికి రౌద్రము, మేకకు భయానకము, గడ్డికి శాంతము రసములు.

తాత్పర్యము

మొదట మేకను అవతల దింపి ఒంటరిగా రావలెను. పిమ్మట పులిని చేర్చి, మేకను మరల ఇవతలికి తేవలెను. మేకను ఇక్కడ దింపి, గడ్డిని చేర్చి, ఒంటరిగా వచ్చి, కడపట మేకను కొనిపోవలెను. వెరసి 7 ప్రయాణములు. పులికన్న ముందు గడ్డిని చేర్చినను ఇంతే. 7కు తక్కువలో దాటించుట ఏ పండితునికిని సాధ్యము కాదు.

విశేషము

మనిషితో కూడ నలుగురిని రెండు ఒడ్డులపై 16 విధముల నిలుపవచ్చును. అందు 6 విధములలో ఒకరు మరొకరి నోట పడుదురు, క్షేమమైనవి 10. అరుగుపై చింతపిక్కను మేకగా, బొగ్గుముక్కను పులిగా, చీపురుపుల్లను గడ్డిగా జరుపు పిల్లవాని వేలు చూడుడు. మూడు జరుపులు చకచక సాగును. నాలుగవదాని కడ వేలు నిలిచిపోవును. ఒకసారి దాటించినదానిని వెనుకకు తెచ్చుట నష్టమని మనసు మొరాయించును. కిటుకంతయు ఇచ్చటనే ఉన్నది. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్న మేనమామ ఇక్కడనే చిక్కుకొనును. మేకను వెనుకకు తెచ్చుటకు సిగ్గుపడని మేనల్లుడు దాటిపోవును.

ఫలశ్రుతి

దీనిని అడిగినవారికి అరగంట నిశ్శబ్దము, విప్పినవారికి వారము దినముల గర్వము, విప్పలేనివారికి మరునాడు బడిలో ఇంకొకరిని అడుగు అధికారము కలుగును. చదువరులకు మనవి ఒక్కటే: ఎదుటివాడు తన నోట ‘ఓడిపోయాను’ అను వరకు విడుపు చెప్పకుడు. ముందే చెప్పుట మేకను పులి దగ్గర వదలి వచ్చుటతో సమానము.