కీబోర్డు పీకేసిన పెద్దమనిషి

పాత కంప్యూటరు మూలన పడితే కొందరు పాత సామాన్లవాడికి వేస్తారు, కొందరు ఊళ్లో చదువుకుంటున్న మేనల్లుడికి పంపిస్తారు. మూడో రకం పెద్దమనిషి మాత్రం దాన్ని అటకెక్కించి ‘సర్వరు’ అంటాడు. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఈ జాతికి కొదవ లేదు. వయసు నలభై దాటి ఉంటుంది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ర్యామ్ ఏ మడిగెలో దొరుకుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. ఇంతా చేస్తే ఆ సర్వరులో ఉండేవి పెళ్లి ఫొటోలు, పాత సినిమాలు, పిల్లల సర్టిఫికెట్ల స్కానులు. అటక మీదికి చేరాక దానికి మానిటరు దండగ అంటాడు, తర్వాత మౌసు దండగ అంటాడు, చివరికి కీబోర్డు కూడా పీకేస్తాడు. ఇది చూసి ఇంట్లోవాళ్లు పిసినారి అంటారు, స్నేహితులు బద్ధకస్తుడంటారు. ఈ రెండు తీర్పులూ చెల్లవు. ఈయనకు గిట్టనిది ఖర్చూ కాదు, కష్టమూ కాదు, ప్రశ్న. ఎవరూ తనను ఏదీ అడక్కుండా అన్నింటికీ ముందే జవాబు చెప్పి పెట్టుకోవాలన్నది ఆయన జీవితాశయం. కంప్యూటరు మీద మొదలుపెట్టాడు, అంతే.

కీబోర్డు పీకి స్విచ్ వేయగానే పాత కంప్యూటరు బూట్ అవడం మానేసి ఒక మాట అంటుంది: కీబోర్డు లేదు, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి. కంప్యూటరు పుట్టించిన జోకుల్లో దీన్ని మించింది లేదని ఈ పెద్దమనిషి కనపడ్డవాడికల్లా చెబుతాడు. యంత్రం తరఫున కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, స్విచ్ వేయగానే అది తన అవయవాలన్నీ తానే తడిమి చూసుకునేది. కీబోర్డులో తేడా కనపడితే 301 అనే అంకె చూపించేది. ఆ రోజుల్లో బల్ల ముందు మనిషి లేకుండా కంప్యూటరు వెలగడమనేది ఎవరూ ఊహించలేదు. కీబోర్డు కనపడలేదంటే వైరు వదులైందనే అర్థం. వైరు గుచ్చు, మీట నొక్కు, పని చూసుకో. ఎదురుగా మనిషి ఉన్నాడన్న నమ్మకంతో వేసిన ప్రశ్న అది. ఆ మనిషే నిచ్చెన దిగి హాల్లోకి వెళ్లిపోతాడని పాపం దానికేం తెలుసు?

దీనికి మందు, స్విచ్ వేయగానే అన్నింటికన్నా ముందు నడిచే బయాస్‌లోనే ఉంది. చాలా పాత మదర్‌బోర్డుల్లో నీలం తెర మీద ‘హాల్ట్ ఆన్’ అని ఒక వరస ఉంటుంది. ఏ లోపం కనపడితే ఆగిపోవాలో చెప్పే వరస. అక్కడ ‘ఆల్ ఎర్రర్స్’ అని ఉన్నదాన్ని పేజ్ డౌన్ మీటతో ‘ఆల్, బట్ కీబోర్డ్’ దాకా తిప్పి, ఎఫ్10 కొట్టి, సరేనంటే అయిపోతుంది. కీబోర్డు అక్కర్లేదని చెప్పడానికి కూడా కీబోర్డే కావాలన్నమాట. ఎఫ్1 జోకుకు పడీపడీ నవ్వే పెద్దమనిషికి ఈ జోకు మాత్రం అర్థం కాదు. ఆ ఊపులోనే కరెంటు పోయి వస్తే దానంతటదే లేచేలా ఇంకో వరస మారుస్తాడు. నెట్‌వర్కు తీగ మీదుగా నిద్రలేపే ఏర్పాటూ చేస్తాడు. అందుకు 102 బైట్ల పిలుపు ఒకటి పంపాలి, అందులో ఆ యంత్రం చిరునామా వరసగా 16 సార్లు ఉండాలి. ఇంటర్ చదివే కొడుకు అన్నిసార్లు పిలిచినా లేవడు గనక ఆయనకు కొడుకు కన్నా సర్వరు మీదే గురి.

ఇక ఆక్షేపణలకు వద్దాం. పిసినారి అన్నవాళ్లు ఆయన సర్వరు వెనక్కి ఒకసారి తొంగిచూడాలి. అక్కడ హెచ్‌డీఎంఐ సందులో చిటికెన వేలంత బుడిపె ఒకటి గుచ్చి ఉంటుంది. మానిటరు లేకపోయినా ఉన్నట్టు గ్రాఫిక్స్ కార్డును నమ్మించడమే దాని ఉద్యోగం. ఉన్న మానిటరు పీకేసి, లేని మానిటరు కోసం డబ్బు పోసినవాడు పిసినారి ఎలా అవుతాడు? బద్ధకం మాటా అంతే. ఏడాదికి నాలుగుసార్లు ఒక మీట నొక్కే శ్రమ తప్పించుకోవడానికి నాలుగు ఆదివారాలు ధారపోసేవాణ్ణి బద్ధకస్తుడంటే బద్ధకస్తులు ఒప్పుకోరు. బలమైన ఆక్షేపణ ఇంటి ఇల్లాలిది: ‘ఆ కీబోర్డేదో తగిలించి వదిలేస్తే పోలేదా?’ నిజానికి పోతుంది. దాని మీద ఏ ఆవకాయ జాడీయో పెట్టి మీటలు నొక్కుకుపోకుండా చూసుకుంటే చాలు, ఏ ఇబ్బందీ రాదు. కాకపోతే కీబోర్డు తగిలించి ఉంటే అది మామూలు కంప్యూటరు, పీకేస్తేనే సర్వరు. ఆయన పరువంతా ఆ తేడాలోనే ఉంది. దీనికి తర్కంతో జవాబు లేదు.

కాలం మారింది, కొత్త యంత్రాలు ఇలాంటివి అడగవు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆయనా అదే నమ్మి రాస్‌బెర్రీ పై కొన్నాడు. 2012లో వచ్చిన ఈ అరచేతి కంప్యూటరుకు పాత బయాసూ లేదు, ఎఫ్1 గొడవా లేదు. హాయిగా ఉందనుకునేలోపు, 2016 చివర్లో దూరం నుంచి లోపలికి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ తలుపు మూసేశారు. అది తెరుచుకోవాలంటే దాని మెమరీ కార్డులో ‘ఎస్‌ఎస్‌హెచ్’ అనే పేరుతో ఖాళీ ఫైలు ఒకటి పెట్టాలి. 2022 ఏప్రిల్లో ‘పై’ అనే వాడుకరి పేరునూ తీసేశారు; ముందే వేరే పేరు రాసి పెట్టకపోతే మొదటిసారి వెలిగినప్పుడు ఆ పేరేదో టైపు చెయ్యమంటుంది. అందరికీ తెలిసిన పేరూ పాస్‌వర్డూ దొంగలకు తాళంచెవి ఇచ్చినట్టే గనక చేసింది సబబే. ప్రశ్నలు అక్కడితో ఆగవు. డిస్కుకు తాళం వేసుకున్నవాణ్ణి లైనక్స్ పూర్తిగా బూట్ అయ్యే ముందే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఫైళ్లు చెడితే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుని రూట్ పాస్‌వర్డు చెప్పమంటుంది. మరి పెద్ద పెద్ద డేటా సెంటర్లలో కీబోర్డులు ఏవీ అంటారా? అక్కడి సర్వర్లలో అచ్చంగా ఈ పని కోసమే ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. అసలుది మొరాయించినా దాని తెరను దూరాన ఉన్న మనిషికి చూపించి, అతను కొట్టిన మీటలను దానికి అందిస్తుంది. లక్షలు పోసేవాళ్లు కూడా కీబోర్డును వదిలించుకోలేదు, దాని తీగ పొడుగు చేసుకున్నారు.

మన పెద్దమనిషి ఓడిపోయేది ఇక్కడే. తనకు తోచిన ప్రశ్నలన్నింటికీ ముందే జవాబు చెప్పాడు. తోచని ప్రశ్న యంత్రం దగ్గర ఎప్పుడూ ఒకటి మిగిలే ఉంటుంది. పైగా ఆయన చెప్పిన జవాబులను దాచిపెట్టేది సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత 3 వోల్టుల బ్యాటరీ. కొన్నేళ్లకు అది చస్తుంది. ఆ తర్వాత కరెంటు పోయిందంటే బయాస్ ఆయన చెప్పిందంతా మరిచిపోయి మళ్లీ ఎఫ్1 అడుగుతుంది. అది కూడా మానిటరు లేని అటక మీద, ఎవరికీ కనపడకుండా అడుగుతుంది.

కాబట్టి ఈ జాతి పెద్దమనుషులకు ఒక మనవి. ఆ బ్యాటరీ మార్చండి, మార్చిన సెట్టింగులు కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. వాళ్ల ఇంట్లోవాళ్లకు ఇంకో మనవి. పాత సామాన్లవాడు వచ్చినప్పుడు గుండ్రటి పిన్నున్న పాత కీబోర్డు మాత్రం ఇవ్వకండి. దాన్ని స్విచ్ వేశాక గుచ్చితే చాలా పాత యంత్రాలు గుర్తుపట్టవు. ముందు కంప్యూటరు ఆపి, అప్పుడు గుచ్చి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యండి.